గడియ పడని అద్దె ఇల్లు

ప్రశ్న: మా అద్దె ఇంటి తలుపు గడియ నెల రోజులుగా సరిగా పడటం లేదు. పాత అద్దెదారు దగ్గర ఒక తాళంచెవి ఉండిపోయిందట. యజమాని పట్టించుకోవడం లేదు. అద్దె ఆపేయవచ్చా?

జవాబు: న్యాయసలహా తీసుకోకుండా ఆపకండి, బకాయి పడితే మిమ్మల్ని ఖాళీ చేయించడానికి అదే కారణం కావచ్చు. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువు దొరకడం కష్టం కాబట్టి, గడియ నాలుక ద్వారబంధంలోని రంధ్రానికి అందక బయటే ఆగిపోతున్న తీరును ఫోటో తీసి, మరమ్మతుకు గడువు పెడుతూ రాతపూర్వకంగా నోటీసు పంపి, నకలు దాచుకోండి. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ పాత తాళంచెవి. చాలా తాళాలకు లోపలి సిలిండరు, అంటే తాళంచెవి దూర్చి తిప్పే భాగం, మారిస్తే చాలు, ఆ పాత తాళంచెవి పనికిరాకుండా పోతుంది. ఆ మార్పునూ నోటీసులోనే కోరండి. ఒప్పందం చూడకుండా మీరే మార్చవద్దు. గడువు దాటితే ఈ కాగితాలతో ఉచిత న్యాయసహాయ కేంద్రానికి వెళ్లండి. ఎవరైనా లోపలికి వచ్చిన ఆనవాలు కనిపిస్తే మాత్రం వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయండి.