డ్రిల్ హాల్ చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

ఆశీస్సులు. న్యూయార్క్ పార్క్ ఎవెన్యూలోని సెవెంత్ రెజిమెంట్ ఆర్మరీ (వాలంటీరు సిపాయిల దళం ఆయుధాలు దాచుకుని, కవాతు చేసుకునే భవనం) మీద ప్రాజెక్ట్ తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావట. పాత కట్టడాల మరమ్మతుల్లోనే ఉద్యోగమంతా చేసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

అందరూ వెటరన్స్ రూమ్‌తో మొదలుపెడతారు. రంగుటద్దాల పనికి పేరుపొందిన లూయీ కంఫర్ట్ టిఫనీ బృందం అలంకరించిన గది అది, తర్వాత పెద్ద ఆర్కిటెక్ట్ అయిన స్టాన్‌ఫర్డ్ వైట్ కూడా యువకుడిగా చెయ్యి వేశాడు. చూసి తీరాల్సిందే. కానీ దాని గురించి ఇప్పటికే బోలెడు రాశారు. నువ్వు నేరుగా డ్రిల్ హాల్లోకి, అంటే కవాతు చేసే పెద్ద హాల్లోకి వెళ్ళు.

హాలు ఖాళీగా ఉన్న రోజు దొరికితే నడుమ నిలబడి పైకి చూడు. 55,000 చదరపు అడుగులు, మన లెక్కలో ఎకరం పాతిక సెంట్లు దాటుతుంది. ఎత్తు 80 అడుగులు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. ఎందుకు లేదో అర్థమైతే సగం వ్యాసం అయిపోయినట్టే. వరసగా నిలబడ్డ సిపాయిల కంపెనీ పక్కకు మళ్ళాలంటే ఈ కొసనున్నవాడు ఉన్నచోటే కాళ్ళు కదుపుతాడు, ఆ కొసనున్నవాడు పెద్ద పెద్ద అడుగులతో చుట్టూ తిరిగి రావాలి. వరస మాత్రం చెదరకూడదు. స్తంభం అడ్డొచ్చిందా, కవాతు అక్కడే చెడింది. పైగా వీళ్ళు పూర్తికాలపు సిపాయిలు కారు. పగలు ఆఫీసులూ వ్యాపారాలూ చూసుకుని సాయంత్రం వచ్చే వాలంటీర్లు. చలికాలపు రాత్రి న్యూయార్క్ వీధిలో కవాతు ఎలా చేస్తారు? పైకప్పు కావాల్సొచ్చింది. అంత వెడల్పును స్తంభాలు లేకుండా కప్పే విద్య అప్పటికి రైల్వేల దగ్గర ఉంది. 1871లో తెరిచిన గ్రాండ్ సెంట్రల్ డిపో షెడ్డు లాంటివే దారి చూపాయి. డ్రిల్ హాల్లోని ఇనుప ఆర్చీలు కిందికి ఎలా దిగుతున్నాయో, బరువు ఎక్కడ ఆనుతోందో నీ చేత్తో స్కెచ్ వెయ్యి. ఫోటో చాలదు.

తర్వాత డబ్బు సంగతి పట్టుకో. 1877లో శంకుస్థాపన జరిగింది, 1880లో రెజిమెంట్ లోపలికొచ్చింది. ఆర్కిటెక్ట్ చార్లెస్ క్లింటన్ ఆ రెజిమెంట్‌లో పనిచేసినవాడే. స్థలం నగరం ఇచ్చింది గానీ, కట్టడానికి డబ్బు చాలావరకు సభ్యులూ ఊళ్ళో ధనవంతులూ ఇచ్చిన చందాలే. ఇంకా కావాల్సొస్తే 1879 నవంబరులో కొత్త భవనంలోనే పెద్ద సంత పెట్టారు, అమెరికా ప్రెసిడెంట్ హేస్ వచ్చి ప్రారంభించాడు.

ధనవంతులు అంత ధారాళంగా ఎందుకిచ్చారు? 1877 నాటి రైల్వే సమ్మె దేశమంతా పాకి వాళ్ళను భయపెట్టింది. ఊళ్ళో గొడవ లేస్తే తమను కాపాడేవాళ్ళు కావాలనుకున్నారు. అదే రెజిమెంట్ 1849లో న్యూయార్క్‌లోనే ఆస్టర్ ప్లేస్ దగ్గర లేచిన గొడవలో జనం మీద కాల్పులు జరిపింది, ఇరవైమందికి పైగా చనిపోయారు. 1861లో అంతర్యుద్ధం మొదలై ప్రెసిడెంట్ లింకన్ పిలిస్తే వాషింగ్టన్‌ను కాపాడడానికి మొదట బయల్దేరినవాళ్ళలోనూ అదే రెజిమెంట్ ఉంది. ఈ రెండూ ఒకే పేజీలో రాయి. ఒకటి రాసి ఒకటి దాచితే అది చరిత్ర కాదు, భజన. ఎర్ర ఇటుక గోడలకు కోటకు పెట్టినట్టు ఆ సన్నటి కిటికీలు ఎందుకు పెట్టారో అప్పుడు చదివేవాళ్ళకు తెలుస్తుంది.

రెజిమెంట్ కాగితాలు న్యూయార్క్ హిస్టారికల్ (ఇదివరకటి పేరు న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ) దగ్గర ఉన్నాయి, ముందుగా రాసి అనుమతి తీసుకో. సొంతవాళ్ళు రాసుకున్న చరిత్రలో పొగడ్త ఎక్కువుంటుంది కాబట్టి ప్రతి ఘటననూ ఆనాటి పత్రికలతో సరిచూడు. కట్టడం వివరాలకు పాత కట్టడాల్ని కాపాడే నగర ల్యాండ్‌మార్క్స్ కమిషన్ నివేదికలు నమ్మదగినవి.

ఒక మధ్యాహ్నం లెక్సింగ్టన్ ఎవెన్యూ వెంట 25వ వీధి దాకా వెళ్ళి 69వ రెజిమెంట్ ఆర్మరీ కూడా చూడు. అది ఐరిష్ వాళ్ళ రెజిమెంట్. 1906లో పూర్తయిన ఆ భవనం కోటలా నటించదు, డ్రిల్ హాల్ పైకప్పు వంపు బయటికే కనిపిస్తుంది. 1913లో ఆధునిక చిత్రకళను అమెరికాకు పరిచయం చేసిన పెద్ద ప్రదర్శన అక్కడే జరిగింది, ఫ్రెంచ్ చిత్రకారుడు డ్యుషాంప్ బొమ్మ చూసి జనం గగ్గోలు పెట్టారు. స్తంభాల్లేని చోటు కాబట్టే సిపాయిలు లేనప్పుడు ఎవరికైనా ఉపయోగపడింది. పార్క్ ఎవెన్యూ హాల్లోనూ ఏళ్ళ తరబడి టెన్నిస్ పోటీలు జరిగాయి, పురాతన వస్తువుల ప్రదర్శనలు జరిగాయి. అలా వాడుకుంటూ ఉన్నా 2000 నాటికి ప్రమాదంలో ఉన్న వంద కట్టడాల ప్రపంచ జాబితాలోకి ఎక్కేంతగా పాడైంది. 2007 నుంచి ఒక కళాసంస్థ చేతిలో మళ్ళీ లేచింది.

చివరి అధ్యాయం నాటకాలతో, కచేరీలతో నింపెయ్యకు. అదే భవనం పై అంతస్తుల్లో ఇల్లులేని ఆడవాళ్ళకు ఆశ్రయం నడిచింది, దాని గురించి కూడా రాయి. దాన్ని నడిపినవాళ్ళతో ముందే మాట్లాడి, అనుమతి లేకుండా ఎవరి ఫోటో తియ్యకు. మొదటి డ్రాఫ్ట్ అవగానే స్కెచ్‌లతో సహా పంపు, కొలతలు నేను చూసిపెడతాను.

మీ మావయ్య