టేబుల్‌లో ఎంట్రీ లేదంటే ఏం చేస్తారు?

ప్రశ్న: నాది బీకామ్. నరసరావుపేట నుంచి వచ్చి అమీర్‌పేటలో మూడు నెలలు శాప్ ఫైకో (కంపెనీలు వాడే శాప్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కల విభాగం) నేర్చుకున్నాను. సపోర్ట్ ఉద్యోగం ఇంటర్వ్యూలో 'మిరోలో (సరఫరాదారుల బిల్లులు నమోదు చేసే శాప్ స్క్రీన్) బిల్లు వేస్తుంటే టీ169వీ టేబుల్‌లో ఎంట్రీ లేదని ఎర్రర్ వచ్చింది, ఏం చేస్తారు?' అని అడిగారు. టేబుళ్లను నేరుగా తెరిచి చూపే ఎస్ఈ16ఎన్‌లో ఎంట్రీ వేసేస్తానన్నాను. ఇక వేరే ప్రశ్న అడగలేదు. కోడింగ్ రాకపోవడమే నా లోపమా? శాప్ ప్రోగ్రామింగ్ భాష అబాప్ కూడా నేర్చుకోవాలా?

జవాబు: కోడింగ్ సంగతి కాదు. మీరు చెప్పిన జవాబే వాళ్లను భయపెట్టింది. ఓచర్ లేకుండా తిన్నగా లెడ్జర్‌లో అంకె దిద్దుతానని ఏ అకౌంటెంటైనా అంటే మీరు ఒప్పుకుంటారా? ఇదీ అంతే. ఎస్ఈ16ఎన్ చూడటానికి వాడాలి, దిద్దడానికి కాదు.

ఆ ఎర్రర్ చెప్పేది చిన్న సంగతి. ఇన్‌వాయిస్ తెరవగానే డీఫాల్ట్‌గా ఏ ట్యాక్స్ కోడ్ (పన్ను రకం, రేటు చెప్పే గుర్తు) రావాలో కంపెనీ కోడ్ (శాప్‌లో ఒక్కో సంస్థకు ఇచ్చే గుర్తు) వారీగా ఆ టేబుల్‌లో ఉంటుంది. మీ కంపెనీ కోడ్‌కు అక్కడ వరస (ఎంట్రీ) లేదు. సాధారణంగా కొత్త కంపెనీ కోడ్ పెట్టినప్పుడే ఇది బయటపడుతుంది. ఫైనాన్స్ వాళ్లు తమ పని ముగిస్తారు, ఇన్‌వాయిస్ వెరిఫికేషన్ సెట్టింగ్ ఎవరిదో తేలక మిగిలిపోతుంది.

ముందు మెసేజ్ మీద రెండుసార్లు క్లిక్ చేసి పూర్తి వివరం చదవాలి. (యూజర్లు పంపే స్క్రీన్‌షాట్లలో మెసేజ్ నంబర్ తప్ప అన్నీ ఉంటాయి!) తర్వాత ఒక్క కంపెనీ కోడ్‌కే వస్తోందా, అన్నింటికీనా అన్నది తేల్చుకోవాలి. ఆపైన ఆ వరస డెవలప్‌మెంట్‌లో (సెట్టింగ్‌లు చేసే సిస్టమ్) ఉందా, క్వాలిటీలో (టెస్ట్ చేసేది) ఉందా, ప్రొడక్షన్‌లో (అసలు పని జరిగేది) ఉందా చూడాలి. మొదటి రెండింటిలో ఉండి ప్రొడక్షన్‌లో లేకపోతే ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్ట్ (మార్పులను ఒక సిస్టమ్ నుంచి మరోదానికి మోసుకెళ్లేది) మధ్యలో ఆగినట్టే. ఎక్కడా లేకపోతే సెట్టింగ్‌ల మెనూ స్ప్రోలో లాజిస్టిక్స్ ఇన్‌వాయిస్ వెరిఫికేషన్ కింద ట్యాక్స్ కోడ్‌ల డీఫాల్ట్ విలువల దగ్గర, డెవలప్‌మెంట్‌లోనే, ఎంట్రీ వేయాలి. క్వాలిటీలో యూజర్ చేత టెస్ట్ చేయించి, అనుమతి తీసుకుని ప్రొడక్షన్‌కు పంపాలి. ఏ ట్యాక్స్ కోడ్ పెట్టాలో మాత్రం మీరు ఊహించొద్దు, జీఎస్టీ చూసేవాళ్లను అడగండి.

ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. స్టాక్ తీసుకునేటప్పుడు అకౌంట్ దొరకలేదని వస్తే ఓబీవైసీ (స్టాక్ లావాదేవీ ఏ అకౌంట్‌కు వెళ్లాలో పెట్టే స్క్రీన్) చూడాలి. ఏప్రిల్ 1న కొత్త ఏడాదికి డాక్యుమెంట్ నంబర్ రేంజ్ (డాక్యుమెంట్లకు ఇచ్చే నంబర్ల శ్రేణి) లేదంటూ వచ్చే టికెట్లు (యూజర్ల ఫిర్యాదులు) మరో రకం. నంబర్ రేంజ్‌లు మిగతా సెట్టింగ్‌లలా వాటంతటవే ట్రాన్స్‌పోర్ట్ కావు. మన ఆర్థిక సంవత్సరం మారే రోజే ఆ గొడవ మొదలవుతుంది.

ఇక మీరు చేయాల్సిన పని. ప్రాక్టీస్ సిస్టమ్‌లో కొత్త కంపెనీ కోడ్‌ను పాతదాని నుంచి కాపీ చేయకుండా చేత్తో కట్టండి. కొనుగోలు ఆర్డర్ నుంచి బిల్లు దాకా నడపండి. ఎర్రర్లు వరసగా వస్తాయి, అవి రావాలనే ఈ పని. ఒక్కోదానికి మెసేజ్ నంబర్, టేబుల్, దారి, ఎందుకొచ్చిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. కోర్సు నోట్స్ కన్నా మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

శాప్ పాత వెర్షన్ ఈసీసీకి మామూలు మెయింటెనెన్స్ 2027 చివరి వరకే, కాబట్టి కొత్త వెర్షన్ ఎస్/4 హానాలోనే సాధన చేయండి. అబాప్ ఇప్పుడే వద్దు. మూడేళ్ల దొంగ అనుభవం రెజ్యూమెలో పెట్టమనే వాళ్ల మాట అసలే వద్దు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో బయటపడితే ఉద్యోగం పోతుంది. పడకపోయినా మొదటి వారం టికెట్లకే దొరికిపోతారు. బీకామ్ అని చిన్నబుచ్చుకోకండి, డెబిట్ క్రెడిట్ తెలిసిన మనిషి ఆ టేబుల్ ఎందుకుందో త్వరగా పట్టుకుంటాడు.

ఈసారి అదే ప్రశ్న ఎదురైతే వెంటనే జవాబు చెప్పకండి. 'ఆ కంపెనీ కోడ్ కొత్తగా పెట్టిందా సార్?' అని అడగండి.