స్టూడెంట్ వీసా మీద ఉన్న అమ్మాయి ప్రకటన డబ్బు తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎఫ్-1 వీసాపై అమెరికాలో చదువుతూ డివిజన్-1 కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతోంది. ఒక బూట్ల దుకాణం ప్రచారానికి 3,000 డాలర్లు ఇస్తామంటే గత వారం సంతకం చేసింది, పని ఇంకా మొదలుపెట్టలేదు. జట్టులో అందరూ సంపాదిస్తుంటే తనకే ఎందుకీ అడ్డంకి అని ఏడుస్తోంది. డబ్బు అక్కడే ఉన్న మేనమామ ఖాతాలో వేయించవచ్చా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: కాలేజీ క్రీడాకారులు ప్రకటనల ద్వారా సంపాదించుకోవడానికి అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ 2021 జూలై 1 నుంచి అనుమతించింది. అది క్రీడా సంఘం నియమం మాత్రమే, అనుమతి లేకుండా పని చేయకూడదన్న వీసా చట్టం దానివల్ల మారలేదు. తోటి అమ్మాయిలు ఎంత సంపాదిస్తున్నారన్నది అప్రస్తుతం. అమెరికాలో ఉండగా మీ అమ్మాయి ఆ డబ్బు కోసం పని చేసిందా లేదా అన్నదొక్కటే ఈ వ్యవహారాన్ని తేలుస్తుంది.

మీరు పంపిన ఒప్పందం ప్రకారం ఆమె నెలకు రెండు రీల్స్ చేయాలి, ఒక శనివారం దుకాణానికి వెళ్లి అభిమానులతో ఫొటోలు దిగాలి. ఇది పనే. ఇంకా ఏదీ చేయలేదని రాశారు కాబట్టి పరిస్థితి చేయి దాటలేదు. వీసా హోదా కోల్పోయిన విద్యార్థి సాధారణంగా 5 నెలల్లోగా పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, అనుమతి లేకుండా పని చేసినవారికి ఆ దారి మూసుకుపోతుంది.

మేనమామ ఖాతా ఆలోచన పూర్తిగా మానుకోండి. డబ్బు ఎవరి ఖాతాలో పడినా రీల్‌లో కనిపించేది మీ అమ్మాయే, దాని మీద తేదీ కూడా ఉంటుంది. దాచిన తప్పుకు అబద్ధం తోడవుతుంది, ఆయన కూడా చిక్కుల్లో పడతారు.

కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి చూపకుండా సంతకం చేయడం క్షమించరాని నిర్లక్ష్యం. పైగా 600 డాలర్లు, అంతకు మించిన ఒప్పందాలను 5 పనిదినాల్లో ‘ఎన్ఐఎల్ గో’లో (కాలేజీ క్రీడాకారుల ప్రకటన ఒప్పందాలను నమోదు చేసే ఆన్‌లైన్ వేదిక) నమోదు చేయాలి. గడువు దాటకముందే ఆ నమోదు ఈరోజే చేయించండి. పని నిలిపివేస్తున్నట్టు దుకాణానికి ఈమెయిల్ పంపి, దాని నకలు కార్యాలయానికి ఇవ్వమనండి.

సెలవుల్లో ఆమె ఇంటికి వచ్చినప్పుడు చిత్రీకరణ, పోస్టింగ్ అంతా ఇక్కడే జరిగేలా ఒప్పందాన్ని సవరించుకోవచ్చు. కెంటకీ యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టులో ఆడిన కాంగో దేశస్థుడు ఆస్కార్ షీబ్వే 2022లో జట్టుతో అమెరికా బయట ఉన్న బహామాస్ దేశానికి వెళ్లినప్పుడు తన ప్రకటనల పనిని అక్కడే చేసుకున్నాడు. అయితే సవరించిన ఒప్పందాన్ని ముందుగా అమెరికా ఇమిగ్రేషన్ న్యాయవాదికి చూపించి లిఖితపూర్వక అభిప్రాయం తీసుకోండి. పాస్‌పోర్ట్ ముద్రలు, బోర్డింగ్ పాసులు, చిత్రీకరణ తేదీల రుజువులు భద్రపరచండి. ఆ అభిప్రాయం చేతికి వచ్చేవరకు ఒక్క డాలరు కూడా తీసుకోవద్దు.