అవినీతి పట్టిన గణతంత్రానికి విప్లవమా, లోపలి నుంచి సంస్కరణా?

నా సమాధానం సంస్కరణే. కానీ అది పైనుంచి దయతో రాదు, కింది నుంచి పట్టుబట్టి సాధించుకోవాలి.

నిజాం పాలనలో తెలంగాణ రైతుకు ఓటూ లేదు, మొర వినే కోర్టూ లేదు. వెట్టి మీద, దొరల మీద 1946లో తిరగబడటం తప్ప ఇంకో దారి లేకపోయింది. గణతంత్రంలో పరిస్థితి వేరు. తలుపు తుప్పు పట్టి ఉండొచ్చు, కానీ తలుపంటూ ఉంది.

రాజస్థాన్‌నే చూడండి. అక్కడ కరువు పనులు చేసిన కూలీలకు పూర్తి కూలి అందేది కాదు. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం మస్టర్ రోల్స్ (కూలీల హాజరు, కూలి పట్టీలు) సంపాదించి, 1994 నుంచి ఊరందరి ముందు చదివి వినిపించింది. పనిలోకే రాని వాళ్ళ పేర్లు, చనిపోయినవాళ్ళ పేర్లు కూడా అందులో బయటపడ్డాయి! ఆ కాగితాల నకళ్ళు ఇవ్వాలని 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. ఆ పోరాటమే పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టమైంది. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన సామాజిక తనిఖీ, అంటే లెక్కలను ఊరివాళ్ళ ముందే సరిచూడటం కూడా ఈ బాటలోదే.

ఇది నిదానమైన దారి, బాధ కూడా ఎక్కువే. తనిఖీల్లో తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొంతే. సమాచారం అడిగినందుకు ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అయినా విప్లవం పాత అధికారిని తీసేస్తుందేమో గానీ, కొత్త అధికారి చేతిలోని మస్టర్ రోల్‌ను కూలీ చదవగలిగే హక్కును తనంతట తాను తెచ్చిపెట్టదు.