గుర్రమంటే విసుగు పుట్టిన కుక్కే కావాలి

ప్రశ్న: మాకు రెండు గుర్రాలున్నాయి. పెద్దది నెమ్మది. నాలుగేళ్ల చిన్నది మాత్రం ఆకు కదిలినా ఉలిక్కిపడుతుంది. లాయం దగ్గర తోడుగా ఉంటుందని కుక్కను తెచ్చుకోవాలనుకుంటున్నాం. మా బావమరిది తన బోర్డర్ కోలీ పిల్లల్లో ఒకటి ఇస్తానంటున్నాడు. తెలివైన జాతి, ఇట్టే నేర్చుకుంటుందట. తీసుకోమంటారా? గుర్రాలతో స్నేహం చేయించడం ఎలా?

జవాబు: మీ బావమరిది అన్నది నిజమే, ఇట్టే నేర్చుకుంటుంది. మీరు నేర్పనివి కూడా అంతే త్వరగా నేర్చుకుంటుంది, చిక్కల్లా అదే. గొర్రెలను చూపుతోనే అదిలించడానికి తరతరాలుగా ఎంచి పెంచిన జాతి అది. ఏదైనా కదిలితే తల దించి, ఒళ్లు నేలకు ఆనించి, రెప్ప వేయకుండా చూస్తుంది. ఆ చూపుకి గొర్రె జంకుతుంది. గుర్రమైతే పరిగెత్తుతుంది, లేదా తంతుంది. గుర్రాన్ని తరమడంలో ఉన్న మజా ఒక్కసారి రుచి చూశాక మీ చేతిలోని బిస్కెట్ దానికి ఏ మూలకి? హీలర్ జాతులతో ఇంకో తంటా. పశువుల మడమలు కొరికి తోలడమే వాటి పని.

డాల్మేషియన్లు ఒకప్పుడు గుర్రపు బగ్గీల పక్కన పరిగెత్తేవి కాబట్టి అవే మేలనేవాళ్లుంటారు. సోఫా మీద పెరిగిన డాల్మేషియన్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

నన్నడిగితే జాతి తర్వాత, ముందు ఆ కుక్క స్వభావం చూడండి. రెండేళ్లు దాటిన కుక్క అయితే దాని గుణం బయటపడిపోయి ఉంటుంది. కంచెకి ఇవతల గొలుసుతో పట్టుకుని నిలబడండి. అవతల గుర్రాలు కదులుతుంటే ఒకసారి చూసి, మళ్లీ గడ్డి వాసన చూసుకునే కుక్క దొరికితే వదులుకోకండి. పిల్లనే తెచ్చుకోవాలనుకుంటే 3 నుంచి 14 వారాల మధ్య చూసినవన్నీ దానికి మామూలు సంగతులైపోతాయి. టీకాలు పూర్తికాకపోయినా ఎత్తుకుని తీసుకెళ్లి, దూరం నుంచి గుర్రాలను చూపించి వచ్చేయండి.

స్నేహం మాట పక్కన పెట్టండి. గుర్రం ముట్టెను కుక్క నాకే ఫొటో ముద్దుగానే ఉంటుంది, కానీ మనకి కావాల్సింది గుర్రాన్ని చెట్టునో గోడనో చూసినట్టు చూసే కుక్క. అందుకే కుక్క గుర్రాన్ని గమనించినా మీ చేతిలోని ముక్క తినగలిగేంత దూరంలో మొదలుపెట్టండి. ముక్క ముట్టడం లేదంటే దగ్గరికి వచ్చేశారన్నమాటే, వెనక్కి నడవండి. గుర్రాన్ని చూసి, తనంతట తాను మీ వైపు తిరిగిన క్షణంలో ‘శభాష్’ అని ముక్క పెట్టండి. పిలవకండి, గొలుసు లాగకండి. ఆ తల తిప్పడమే పాఠం. గుర్రం నిలబడి ఉన్నప్పుడు బాగా కుదిరాకే నడిచే గుర్రం, ఆ తర్వాతే పరిగెత్తే గుర్రం. చాలామంది మధ్యలో మెట్లు ఎగ్గొట్టి, కుక్క మాట వినడం లేదంటారు. ఎక్కడున్నా పడుకోమంటే పడుకోవడం, పిలిస్తే మధ్యలో ఆగి రావడం పక్కాగా వచ్చేదాకా పొడవాటి తాడు తీయకండి. మేత వేళ మాత్రం కుక్కని దూరంగా కట్టేయండి. తొట్టి దగ్గర ఎంత సాధువైన గుర్రానికైనా ఓపిక తక్కువ.

గుర్రం సంగతీ కొంత తెలుసుకోవాలి. దాని కళ్లు తలకి పక్కల ఉండటం వల్ల చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా వెనకా, ముక్కు కిందా మాత్రం కనబడదు. కుక్క దూరేది సరిగ్గా అక్కడే. అధికారి ముందు, గాడిద వెనుక నిలవకూడదంటారు. కుక్కకి ఈ సామెత తెలియదు కాబట్టి గుర్రం చుట్టూ దూరంగా తిప్పి తీసుకెళ్లే అలవాటు మీరే చేయాలి. చెవులు వెనక్కి అతుక్కుపోయి, తోక విదిలిస్తూ వెనక కాలు ఎత్తిందంటే కుక్కని తక్షణం తప్పించండి. మొదటి పరిచయాలు పెద్ద గుర్రంతోనే కానివ్వండి. మీ చిన్నదాని టెన్షన్ కుక్కకీ అంటుకుంటుంది.

ఇంతకీ బావమరిదికి ఏం చెప్పాలి? రోజూ ఆ పిల్లకి ఒళ్లు అలిసే పని, బుర్రకి పని ఇచ్చే తీరిక ఉంటే సరేననండి. లేకపోతే మొహమాటపడొద్దు.

ప్రశ్న: గిట్టలు చెక్కినప్పుడు రాలిన ముక్కల్ని మా కుక్క ఎగబడి తింటుంది. పర్వాలేదా?

జవాబు: చిన్న పెచ్చులతో సాధారణంగా ఏమీ కాదు. పెద్ద గట్టి ముక్కలు పళ్లు విరగ్గొడతాయి, పేగులో అడ్డం పడతాయి. ఊడ్చేయండి. అంతకన్నా భయపడాల్సింది నట్టల మందుకి. గుర్రాలకిచ్చే పేస్టుల్లో చాలావాటిలో ఐవర్‌మెక్టిన్ ఉంటుంది. గుర్రం ఉమ్మేసిన ముద్ద నాకినా, మందు వేసిన తర్వాతి రోజుల్లో లద్దె తిన్నా కుక్క ప్రాణం మీదికి రావచ్చు. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటి జాతుల్లో ఎక్కువగా కనిపించే ఒక జన్యులోపం ఉన్న కుక్కలకి మరీ ప్రమాదం. మందు వేసే రోజు కుక్కని ఇంట్లోనే ఉంచి, కొన్నాళ్లు లద్దె ఎప్పటికప్పుడు ఎత్తేయండి. తూలుతున్నా, చొంగ కారుస్తున్నా, కళ్లు సరిగా కనబడనట్టు తడబడుతున్నా పేస్టు డబ్బా చేత్తో పట్టుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.