ఆల్కపా అనే పుట్టుకతో వచ్చే గుండె జబ్బు ఉన్న మూడు నెలల పాపకి వెంటనే ఆపరేషన్ చేయించాలా, బరువు పెరిగేదాకా ఆగొచ్చా?

పాప గుండె పంపింగ్ ఇంత తక్కువగా ఉండగా ఆపరేషన్ తట్టుకుంటుందా, కాస్త బరువు పెరిగాక చేయిస్తే మంచిదేమో అని అడిగారు కదండీ. మా బాబుకీ ఇదే జబ్బు, ఇంచుమించు ఇదే వయసులో ఆపరేషన్ అయింది. డాక్టర్లు త్వరగా చేయాలంటుంటే మాత్రం బరువు కోసం ఆగకండి.

గుండె కండరానికి రక్తం ఇచ్చే ఎడమ కరోనరీ ధమని మామూలుగా బృహద్ధమని (గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని) నుంచి మొదలవ్వాలి. ఈ పిల్లల్లో అది ఊపిరితిత్తులకు వెళ్లే ధమని నుంచి మొదలవుతుంది, దాన్నే ఆల్కపా అంటారు. పుట్టిన కొత్తలో ఆ ధమనిలో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఎలాగో నడిచిపోతుంది. కొన్ని వారాల్లో ఒత్తిడి తగ్గాక కండరానికి రక్తం చాలదు. పైగా కుడి కరోనరీ నుంచి అందే కాస్త రక్తం కూడా వెనక్కి ఊపిరితిత్తుల ధమనిలోకి పోతుంది. అందుకే పుట్టినప్పుడు బాగున్న బిడ్డకి రెండు మూడు నెలలకి పాలు తాగుతుంటే చెమటలు పడతాయి, ఆయాసం వస్తుంది, పాలిపోయి ఏడుస్తుంది. మొదట చూపించిన చోట మా వాడికి కడుపునొప్పి అని మందు రాశారు. తర్వాత ఇంకో డాక్టరు ఈసీజీ చూసి, పెద్దవాళ్లకి గుండెపోటు వస్తే కనిపించే మార్పులు ఇందులో ఉన్నాయని ఎకోకి (గుండె స్కాన్‌కి) పంపారు.

అంటే పాప బరువు పెరగకపోవడానికి కారణమే ఆ గుండె. ఆగితే బరువు పెరుగుతుందన్న నమ్మకం లేదు, కండరం మాత్రం ఇంకా దెబ్బతింటుంది. ఆపరేషన్ లేకపోతే ఈ పిల్లల్లో ఎక్కువమంది మొదటి ఏడాది దాటరు. రిపోర్టులో బ్లాండ్-వైట్-గార్లాండ్ సిండ్రోమ్ అని ఉన్నా కంగారుపడకండి, అదీ ఇదే. 1933లో దీన్ని వివరించిన ముగ్గురు డాక్టర్ల పేర్లవి.

ఆపరేషన్‌లో కరోనరీ మొదలయ్యే చోటుని చుట్టూ ఉన్న గోడతో సహా బటన్‌లా కోసి తీసి, బృహద్ధమనికి కుడతారు. అది అందకపోతే ఊపిరితిత్తుల ధమని లోపల నుంచే దారి కడతారు, దాన్ని తకేయుచి పద్ధతి అంటారు. మీరు తప్పకుండా అడగాల్సింది ఒకటుంది: గుండె వెంటనే కోలుకోకపోతే కొన్నాళ్లు దాని పని చేసే ఎక్మో మెషిన్, పసిపిల్లలకి దాన్ని నడిపిన అనుభవం ఉన్న టీమ్ అక్కడ ఉన్నాయా? గుండెలో ఎడమ వైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ లీక్ సంగతి కూడా అడగండి. కండరం కోలుకుంటే చాలామందిలో అదే తగ్గుతుంది కాబట్టి తరచూ దాన్ని ముట్టుకోరు.

ఐసీయూ రోజులు చాలా కష్టం. వాపు తగ్గేదాకా ఛాతీ మూయకుండా ఉంచవచ్చు, ముందే తెలిస్తే చూసి తట్టుకోగలరు. డిశ్చార్జ్ నాటి ఎకోలో పంపింగ్ పెద్దగా పెరగలేదని మేం చాలా టెన్షన్ పడ్డాం. తర్వాత నెలల్లో మెల్లగా పెరిగి మామూలుకి వచ్చింది. పసిపిల్లల గుండెలో రక్తం అందక మందగించిన కండరం చాలావరకు తేరుకోగలదు.

ఇంటికొచ్చాక పాపని చంకల కింద పట్టుకుని ఎత్తకండి. ఛాతీ ఎముక అతుక్కునేదాకా తల కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి వేసి తీయాలి. మందులు సొంతంగా ఆపొద్దు. కుట్టిన చోట ధమని సన్నబడిందేమో చూడటానికి పెద్దయ్యాక కూడా చెకప్‌లు ఉంటాయి, మా వాడిని ఇప్పటికీ తీసుకెళుతున్నాం.