క్లాసిక్ ఆల్బమ్ ఎక్కలేదా? ముందు షఫుల్ చూడండి

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' మొదటిసారి విన్నాను, పాటలు మధ్యలో తెగిపోయినట్టున్నాయి, అందరూ ఇంత పొగిడేది నాకే ఎందుకు ఎక్కలేదు అని అడిగారు కదా. మ్యూజిక్ యాప్‌లో షఫుల్ (పాటల వరుసను కలగాపులగం చేసేది) ఆన్‌లో ఉందేమో చూడండి. నేనూ మొదట అలాగే విని, ఇదేం గోలరా అనుకుని ఆపేశాను. 1973లో ఎల్‌పీ రికార్డుగా వచ్చిన ఈ ఆల్బమ్‌లో ఒక్కో వైపు పాటలు ఆగకుండా ఒకదాంట్లోంచి ఇంకొకటి పుట్టుకొస్తాయి, మొదట్లో వినిపించే గుండె చప్పుడే చివర్లోనూ వస్తుంది, అలాంటిదాన్ని వరుస మార్చేసి వింటే సినిమా రీళ్లు తారుమారు చేసి చూసినట్టే.

షఫుల్ తీసేయండి, యాప్ సెట్టింగ్స్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసేది) ఆపి, గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రాకుండా చేసేది) ఆన్ చేయండి. మొత్తం సుమారు 43 నిమిషాలే, అదీ ఒకేసారి కుదరకపోతే 'మనీ' పాట ముందు ఆపండి, రికార్డు మొదటి వైపు అక్కడే అయిపోతుంది. హెడ్‌ఫోన్స్ అయితే ఇంకా బాగుంటుంది, కానీ 'టైమ్' మొదట్లో గడియారాలు ఒక్కసారిగా మోగుతాయి, వాల్యూమ్ జాగ్రత్త (నేను ఉలిక్కిపడ్డాను). రెండు మూడుసార్లు విన్నాక కూడా నచ్చకపోతే టెన్షన్ ఏం లేదు, వదిలేయండి. నాకైతే 'ఆన్ ద రన్' ఇప్పటికీ సహనపరీక్షే.